పటిక పట్టు
(బందరు రేవు కథలు – పద్నాలుగో భాగం)

పోయిన సంచికలో బందరు రేవునుంచి ఓడలకెక్కిన అద్దకపు బట్టల బేరం గురించి చెప్పుకున్నాం. 1605లో డచ్చివాళ్ళు కొట్టు తెరవడం, 1611లో గ్లోబ్ ఓడ మీద ఇంగ్లీషువాళ్ళు దిగడం, గోల్కొండ అధికారులతో వాళ్ళ తగువులు, అన్నీ అయ్యాయి. ఒక ప్రశ్న మాత్రం మిగిలిపోయింది. సముద్రాలు దాటి వచ్చి మరీ కొనుక్కునేంతగా ఆ బట్టలో ఏముంది? ఉతికితే పోని ఎరుపు ఉంది. నూలుగుడ్డ మీద అంత గట్టి ఎరుపు నిలబెట్టడం ఆనాటి పడమటి యూరప్ రంగరులకి చేతకాలేదు. మనవాళ్ళకి చేతనయింది. ఎలా చేతనయిందో అణువుల దగ్గరికి వెళ్ళి చూస్తే, ఆ కథ ఈనాటి కేన్సర్ మందు సీసాలోకి కూడా దారితీస్తుంది. ఈ భాగమంతా ఆ దారి గురించే.

గుడివాడ నుంచి బందరు పోయే రైలు మార్గంలో, బందరుకి కాస్త ముందు పెడన వస్తుంది. ఈనాడు బందరు కలంకారీ అని దేశమంతా అమ్ముడుపోయే బట్టలో ఎక్కువ భాగం అక్కడిదే. పాత పద్ధతి వదలని శాలల్లో పని ఇలా సాగుతుంది. ముందు గుడ్డకున్న గంజి పోయేదాకా నానబెట్టి ఉతుకుతారు. తర్వాత కరక్కాయ పొడీ గేదెపాలూ కలిపిన నీళ్ళలో ముంచి, పిండి, ఎండలో ఆరేస్తారు. గుడ్డ లేత పసుపు తిరుగుతుంది. కరక్కాయలోని వగరు నూలుపోగుల్లోకి ఇంకుతుంది. పాలలోని కొవ్వు, మీద అద్దబోయే ద్రవం గీత దాటి పాకకుండా ఆపుతుంది.

ఆ తర్వాత అచ్చు. తుప్పుపట్టిన ఇనుపముక్కలూ బెల్లమూ నీళ్ళలో వేసి రోజుల తరబడి పులియబెట్టిన కషాయం ఒక పళ్ళెంలో ఉంటుంది. అందులో టేకు అచ్చు ఒత్తి, గుడ్డ మీద పెట్టి, పిడికిలితో ఒక దెబ్బ వేస్తారు. అచ్చు ఎత్తేసరికే గీత నల్లబడుతుంది. ఇనుమూ కరక్కాయ వగరూ కలిశాయన్నమాట. రెండో పళ్ళెంలో తుమ్మజిగురు కలిపి చిక్కబరచిన పటిక నీళ్ళుంటాయి. ఎరుపు కావలసిన చోట దాన్ని అద్దుతారు. పటికకి రంగు లేదు. ఎక్కడ అద్దామో కనిపించాలని అందులో కాస్త పైరంగు కలపడం పాతకాలం నుంచీ ఉంది. చూసేవాళ్ళకి అక్కడ ఎర్రపువ్వు పూస్తుందని చెప్పినా నమ్మకం కుదరదు.

గుడ్డని కొన్నాళ్ళు ఆరనిచ్చి, పారే నీళ్ళకి తీసుకెళ్తారు. ఈ కాలవ ఉతుకుడు పైకి చిన్న పనిలా కనిపిస్తుంది గానీ మొత్తం అద్దకంలో నాకు అన్నిటికన్నా తెలివైన పనిగా తోస్తుంది. పోగుని పట్టుకోకుండా పైపైన మిగిలిపోయిన పటిక కడుక్కుపోవాలి. అదీ పారే నీటిలోనే పోవాలి. నిలవనీటిలో ముంచితే ఆ వదిలిన పటిక గుడ్డలో ఇంకోచోట చేరి, రేపు కాగులో అక్కడ కూడా ఎరుపు పుడుతుంది. అందుకే కాలవకి నీళ్ళు రాని రోజుల్లో ఈ పని కుంటుపడుతుంది.

చివరికి రాగికాగు. వేడినీళ్ళలో ఎర్రరంగు సరుకూ జాజి ఆకూ వేసి, గుడ్డని అందులో తిప్పుతూ ఉడికిస్తారు. కాగులో ఉన్నది ఒకే రంగు. బయటికొచ్చిన గుడ్డ మీద మాత్రం పటిక ఉన్నచోట ఎరుపు, ఇనుము ఉన్నచోట నలుపు, ఏదీ లేని చోట వెలిసినట్టుండే గులాబీ జీర. ఆ జీర కూడా పేడనీళ్ళలో నానబెట్టి ఎండలో పరిచి తడుపుతూ ఉంటే పోతుంది. పటికా ఇనుమూ ఉన్నచోట రంగు చెక్కు చెదరదు. పాతరోజుల్లో ఇనుపనీటిని పలచన చేసి ఊదారంగు కూడా రప్పించేవాళ్ళు. రంగు ఒకటే, దాన్ని పట్టుకున్న లోహాన్ని బట్టి కంటికి వేరువేరుగా కనబడుతుంది.

ఆ ఎర్రరంగు సరుకు ఒకప్పుడు చిరివేరు. ఇసుకనేలల్లో పెరిగే చిన్న మొక్క వేరు అది. 1618 నుంచి కొన్నేళ్ళు బందరులో ఉన్న ఇంగ్లీషు కంపెనీ మనిషి విలియం మెత్‌వోల్డ్ గోల్కొండ రాజ్యం మీద రాసిన వృత్తాంతంలో దీని ప్రసక్తి ఉంది. 1795లో వెలువడ్డ కోరమాండల్ మొక్కల గ్రంథం మొదటి సంపుటంలో విలియం రాక్స్‌బర్గ్ దీన్ని బొమ్మతో సహా వర్ణించాడు. అద్దకపు బట్టల చరిత్ర రాసిన జాన్ ఇర్విన్, కాథరీన్ బ్రెట్‌లు 1970లో ఇంకో సంగతి ఎత్తిచూపారు. కృష్ణ డెల్టాలో పండిన చిరివేరుకి మంచి పేరు. నేలలో గవ్వలూ ఆల్చిప్పలూ చివికి కలిసిన సున్నం అక్కడ ఎక్కువ. దివిసీమ ఇసుకమేటల మీద నడిచినవాళ్ళకి ఆ గవ్వపొడి ఎలాంటిదో చెప్పక్కర్లేదు. సున్నమంటే కాల్షియం. చిరివేరులోని అలిజరిన్ అనే రంగుపదార్థం పటికలోని అల్యూమినియంతో కలిసి నిలవాలంటే కాల్షియం తోడుండాలని తర్వాత రసాయన శాస్త్రజ్ఞులు తేల్చారు. మనవాళ్ళు ఆ మాట చెప్పలేకపోయినా, ఏ నేల వేరు బాగా పడుతుందో మాత్రం పట్టుకున్నారు.

ఈ కిటుకు కోసం యూరప్ పడ్డ తపన చిన్నది కాదు. ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1700 చట్టంతోనూ 1721 చట్టంతోనూ మన అద్దకాలని అడ్డుకున్నాయి. అడ్డుకుంటూనే నేర్చుకోవాలని చూశాయి. 1742లో కోర్దూ అనే ఫ్రెంచి పాదరీ కోరమాండల్ తీరంలో అద్దకపువాళ్ళని అడిగి తెలుసుకుని పద్ధతంతా ఉత్తరంగా రాసి పంపాడు. పద్ధతి వెళ్ళింది గానీ కారణం వెళ్ళలేదు. ఆ రోజుల్లో ఫ్రాన్సులో రంగుల మీద పెద్ద పేరున్న జాన్ ఎలో, పటిక పోగు రంధ్రాలలో రంగురేణువులని బిరడాలా బిగిస్తుందని చెప్పాడు. తప్పు. బిరడా కాదు, బంధం. 1893లో లోహాల బంధాలకి కొత్త సిద్ధాంతం చెప్పిన ఆల్ఫ్రెడ్ వెర్నర్ 1908లో ఈ అద్దకాల రంగులనే తీసుకుని అసలు సంగతి వివరించాడు. 1913లో ఆయనకి నోబెల్ వచ్చింది.

అలిజరిన్ మూడు ఉంగరాలు పక్కపక్కన అతికినట్టుండే అణువు. నడిమి ఉంగరానికి ఒక ఆక్సిజన్, దాని పొరుగునే పక్క ఉంగరానికి ఇంకో ఆక్సిజన్. ఎండ్రకాయ రెండు గిట్టలతో పట్టుకున్నట్టు ఈ రెండు ఆక్సిజన్లూ కలిసి లోహపు అయానుని పట్టుకుంటాయి. ఒక ఆక్సిజన్ పట్టుకుంటే జారిపోవచ్చు. రెండూ పట్టుకుంటే జారదు. పట్టుకున్నాక అణువులో ఎలక్ట్రాన్ల సర్దుబాటు మారి రంగు మారుతుంది. నీటిలో కరిగే గుణం తగ్గి, ఉన్నచోటే కూర్చుండిపోతుంది. బందరు ఎరుపు మన్నిక అంతా ఈ రెండు వాక్యాలలో ఉంది.

1868లో గ్రేబే, లీబర్మన్‌లు జర్మనీలో అలిజరిన్‌ని ప్రయోగశాలలో తయారుచేశారు. మరుసటి ఏడు పేటెంట్లు పడ్డాయి, ఫ్యాక్టరీలు లేచాయి. కొన్ని దశాబ్దాలలో చిరివేరు తవ్వేవాళ్ళ బతుకుతెరువు పోయింది. వాళ్ళ పేర్లు ఏ కంపెనీ లెక్కల్లోనూ రాయలేదు. పెడన కాగులోకి ఇప్పుడు వెళ్ళేది ఆ ఫ్యాక్టరీ అలిజరినే.

ఇక్కడినుంచి వంద ఏళ్ళు ముందుకి. 1960లలో ఇటలీలో ఒక మందుల కంపెనీ, మట్టిలో దొరికిన స్ట్రెప్టోమైసిస్ జాతి సూక్ష్మజీవి నుంచి ఎర్రటి పదార్థం తీసింది. డానోరూబిసిన్. దాని చెల్లెలు డాక్సోరూబిసిన్. రెండూ కేన్సర్ కణాలని చంపుతాయి. సెలైన్ గొట్టంలో ఎర్రగా దిగే ఈ మందుని కేన్సర్ వార్డులో కాలం గడిపిన కుటుంబాలన్నీ గుర్తుపడతాయి. దాని అణువు బొమ్మ గీసి చూస్తే మధ్యలో ఉన్నది అలిజరిన్ వంశమే. అవే అతికిన ఉంగరాలు, పక్కపక్కన అవే ఆక్సిజన్లు. కాబట్టి ఇదీ లోహాన్ని పట్టుకుంటుంది.

మందుగా దీని కష్టం ఏమిటంటే, ఒంట్లో అంతటా తిరుగుతుంది. కణితి మీద పనిచేసినట్టే గుండె కండరం మీద కూడా దెబ్బ తీస్తుంది. అందుకని దాన్ని ఒక సంచిలో పెట్టి పంపాలన్న ఆలోచన వచ్చింది. ఆ సంచే లైపోసోమ్. 1960ల మొదట్లో కేంబ్రిడ్జి దగ్గర బాబ్రహాంలో అలెక్ బాంగమ్, కోడిగుడ్డు సొనలో ఉండే ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వుని నీళ్ళలో కలిపితే అది తనంతట తానే గోడలు కట్టుకుని బుడగలుగా మారడం గమనించాడు. మందులకి వాడే బుడగ అడ్డుకొలత మిల్లీమీటరులో సుమారు పదివేల వంతు. గోడ కొవ్వుది గనక విద్యుదావేశం ఉన్న అయాన్లు దాన్ని సులువుగా దాటలేవు. ఆవేశం లేని చిన్న అణువులు దాటగలవు. 1965లో బాంగమ్ బృందం వేసిన ప్రసిద్ధ పత్రం కూడా అయాన్లు ఈ గోడని దాటే వేగం గురించినదే. మనకి లైపోసోమ్ అన్న మాట ఊళ్ళోకి వచ్చింది 2021 వేసవిలో. కరోనా తర్వాత నల్ల ఫంగస్ సోకినప్పుడు లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్ల కోసం జనం మందుల షాపుల చుట్టూ తిరిగారు. ఆ కొవ్వుబుడగలూ ఇవీ ఒకే కుటుంబం.

బుడగ చేయడం తేలికే. లోపల మందు నింపడమూ, నింపింది కారిపోకుండా చూడడమూ కష్టం. మందు కలిపిన నీళ్ళలో బుడగలు కడితే లోపలికి చేరేది కొద్దిగా, బయట వృథా అయ్యేది ఎక్కువ. అందుకని ముందు బుడగలో ఒక లవణం పెట్టి, తర్వాత బయట మందు పోసి, అది తనంతట తానే లోపలికి వచ్చేటట్టు చేసే పద్ధతి కనిపెట్టారు. జెరూసలేంలో బారెన్‌హోల్జ్ బృందం అమోనియం సల్ఫేట్‌తో ఈ పని సాధించింది. అలా నింపిన డాక్సోరూబిసిన్ 1995 నవంబరులో అమెరికాలో డాక్సిల్ పేరుతో అనుమతి పొందింది.

రెండో దారి లోహానిది. 1998లో కెనడాలోని వాంకూవర్ శాస్త్రజ్ఞులు మాంగనీసుతో డాక్సోరూబిసిన్‌ని లైపోసోములలోకి ఎక్కించిన పద్ధతి ప్రచురించారు. వరసగా చెబుతాను, పెడన శాలని పక్కన పెట్టుకుని చదవండి. మాంగనీసు సల్ఫేటు నీళ్ళలో కొవ్వుబుడగలు కడతారు. లోహం లోపలా ఉంటుంది, బయటా ఉంటుంది. బయటిది పూర్తిగా తీసేయాలి. దానికోసం ఆ ద్రవాన్ని జెల్ నింపిన గొట్టంలోంచి పంపడమో, పలచటి పొరసంచిలో పెట్టి బయటి నీళ్ళు మారుస్తూ ఉండడమో చేస్తారు. బయట లోహం మిగిలితే మందు అక్కడే దాన్ని పట్టుకుని బయటే ఉండిపోతుంది. కాలవ ఉతుకుడు ఎందుకో ఇక్కడా అందుకే. ఆ తర్వాత ఎర్రని మందు పోసి వెచ్చబెడతారు. వేడికి కొవ్వుగోడ మెత్తబడుతుంది. మందు అణువు ఆవేశం లేని రూపంలో గోడ దాటి లోపలికి జారుతుంది. లోపల మాంగనీసు అయాను కాచుకుని ఉంటుంది. రెండు ఆక్సిజన్లు దాన్ని పట్టుకుంటాయి. పట్టుకున్న అణువు ఇక తిరిగి గోడ దాటలేదు. దాంతో బయటున్నవి ఒక్కొక్కటే లోపలికి వస్తూనే ఉంటాయి. సీసాలో నారింజ ఎరుపు ద్రవం ఊదాకి తిరుగుతుంది. పని అయిందని రంగే చెబుతుంది.

ఏ లోహమైనా సరిపోదు. కాల్షియంలాంటి అయాన్లు రుణావేశం ఉన్న కొవ్వుల తలలని పట్టుకుని బుడగలని ఒకదానికొకటి అతికిస్తాయి. 1975లో పాపహాజోపులస్ బృందం చూపించినట్టు, కొన్ని కొవ్వుల మీద కాల్షియం చల్లితే బుడగలన్నీ పగిలి చుట్టలు చుట్టుకుంటాయి. అంటే లోహం మందుని పట్టుకోవాలి, గోడని పట్టుకోకూడదు. అందుకే గోడకి ఏ కొవ్వు వాడాలి, కొలెస్ట్రాల్ ఎంత కలపాలి, లోపలి నీటి ఆమ్లగుణం ఎంత ఉండాలి అన్నవన్నీ ఏళ్ళ తరబడి సరిచూసుకోవలసి వచ్చింది. పటిక పాళ్ళు ఒక చిటికెడు అటూ ఇటూ అయితే ఎరుపు చెదురుతుందని అనుభవంతో నేర్చుకున్న మనిషి చేసిన పనే ఇది, వేరే పనిముట్లతో.

ఇక్కడ మన మనిషి ఒకరిని తలుచుకోకుండా ముందుకి వెళ్ళలేను. లైపోసోములు చేసేవాళ్ళు ప్రతి విడతలోనూ కొవ్వు ఎంత ఉందో కొలుచుకోవాలి. ఫాస్ఫోలిపిడ్లో ఫాస్ఫరస్ ఉంటుంది కాబట్టి దాన్ని కొలిస్తే చాలు. ఆ కొలత పద్ధతికి మూలం 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి యల్లాప్రగడ సుబ్బారావు ప్రచురించినది. భీమవరంలో 1895లో పుట్టిన సుబ్బారావే. ఫాస్ఫేటుకి మాలిబ్డినం లోహపు లవణం కలిపి క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది. నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఉన్నట్టు. 1959లో బార్ట్‌లెట్ దీన్నే సవరించి కొవ్వుల కొలతకి సరిపెట్టాడు. ఇప్పటికీ లైపోసోముల పత్రాలలో ఆ పేర్లు కనిపిస్తాయి. సుబ్బారావు పరిశోధన నడిపించిన లెడర్లీ సంస్థ నుంచే 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. ఈ కుటుంబపు మాత్రలు పాలతో వేసుకోవద్దని డాక్టర్లు చెప్పేది కూడా అందుకే, పాలలోని కాల్షియంని ఆ మందు పట్టుకుని పేగుల్లోనే ఉండిపోతుంది. కడుపులో అడ్డం అయిన అదే పట్టు బుడగలో ఉపకారం చేసింది.

లోహపు దారి ప్రయోగశాలలో ఆగిపోలేదు. వాంకూవర్లోనే పుట్టిన ఒక మందులో డానోరూబిసిన్, సైటరబీన్ రెండూ ఒకే బుడగలో ఉంటాయి. సైటరబీన్ అణువులు ఐదుంటే డానోరూబిసిన్ ఒకటి. ఆ పాళ్ళలో కలిసినప్పుడు రెండూ ఒకదానికొకటి బలమవుతాయని ముందు కణాల మీద పరీక్షించి తేల్చుకున్నారు. రెండు మందులూ విడివిడిగా ఇస్తే ఒంట్లో ఒక్కొక్కటి ఒక్కో వేగంతో కరిగిపోయి ఆ పాళ్ళు నిలవవు. బుడగ లోపలున్న కాపర్ గ్లూకోనేట్, అంటే రాగి లవణం, వాటిని నిలబెడుతుంది. 2017 ఆగస్టులో వైక్సియాస్ పేరుతో దీనికి అమెరికాలో అనుమతి వచ్చింది. 60 నుంచి 75 ఏళ్ళ మధ్య వయసున్న 309 మంది మీద జరిగిన పరీక్షలో, తీవ్రమైన మైలాయిడ్ రక్తకేన్సర్ ఉన్నవాళ్ళ మధ్యస్థ ఆయుష్షు పాత పద్ధతిలో 5.95 నెలలయితే, దీనితో 9.56 నెలలయింది. మూడున్నర నెలలు ఎక్కువ. తక్కువ అనిపించవచ్చు. ఆ వ్యాధి ఎంత మొండిదో తెలిసినవాళ్ళకి అది చిన్న లాభం కాదు. సీసాలోని మందు ఆరబెట్టిన ముద్ద. దాని రంగు ఊదా. రాగిని పట్టుకున్న డానోరూబిసిన్ రంగు అది. ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్ వ్యాధి ఉన్నవాళ్ళ విషయంలో జాగ్రత్త అని ఆ మందు పత్రంలోనే రాసి ఉంటుంది.

పెడన నుంచి వాంకూవర్‌కి ఎవరూ దారి వేయలేదు. ఆ శాస్త్రజ్ఞులు మన అద్దకం చూసి నేర్చుకోలేదు, మన అద్దకపువాళ్ళకి బుడగలు తెలియవు. మన పూర్వులకి నానో విద్య తెలుసని చెప్పుకుంటే వాళ్ళకి మర్యాద పెరగదు. వాళ్ళకి నిజంగా తెలిసినది చెబితే చాలు. కొన్ని రంగులు లోహాన్ని పట్టుకుంటాయని, పట్టుకున్నవి కదలవని, పట్టుకోనివి ముందే కడిగేయాలని వాళ్ళకి తెలుసు. అణువుకి ఉన్న ఆ గుణాన్ని ఒకరు గుడ్డ మీద, ఇంకొకరు బుడగ లోపల, వేరువేరు శతాబ్దాలలో పనికి తెచ్చుకున్నారు.

ఇనుము సంగతి మిగిలింది. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంతో మొదలుపెట్టి, పాత కోరమాండల్ బట్టలు దాచిన చోట్లలో పరిరక్షకులు ఒకటి గమనిస్తూ వచ్చారు. ఎర్రపువ్వులు తాజాగా ఉంటాయి, వాటి చుట్టూ గీసిన నల్లగీత దగ్గర మాత్రం గుడ్డ చివికి పొడి రాలుతుంది. కొన్నిచోట్ల గీత ఉండవలసిన తావులో సన్నటి చిల్లే మిగులుతుంది. కరక్కాయ వగరుతో కలిసిన ఇనుము, గాలిలోని ఆక్సిజన్‌తో చేయి కలిపి నూలుని కొద్దికొద్దిగా తినేస్తుంది. అల్యూమినియం ఆ పని చేయదు. మందుల విషయంలోనూ ఇనుము అంతే. డాక్సోరూబిసిన్ ఒంట్లో ఉన్న ఇనుముని పట్టుకుని ఆక్సిజన్‌ని చురుకైన విషరూపాలుగా మారుస్తుందని, గుండెకి కలిగే దెబ్బకి అదే కారణమని చాలాకాలం వివరించారు. ఇటీవలి పరిశోధనలు టోపోఐసోమరేస్ 2 బీటా అనే ఎంజైముకి కూడా ఇందులో పెద్ద వాటా ఉందని చూపాయి. గుండెని కాపాడడానికి ఇచ్చే డెక్స్‌రాజోక్సేన్ ఒంట్లో మారి ఇనుముని తనే పట్టుకుంటుంది, ఆ ఎంజైము మీద కూడా పనిచేస్తుంది. బుడగలలోకి మందు ఎక్కించడానికి ఇనుముని కాకుండా మాంగనీసునీ రాగినీ ఎంచుకోవడం మంచిదయింది.

(వచ్చే సంచికలో: 1864 నవంబరు 1 రాత్రి బందరుని ముంచిన ఉప్పెన, అద్దకపు పేటలకి ఏమయింది)